ఫ్లోచార్ట్ ప్రశ్నలో వేరియబుల్ విలువ తప్పిపోకుండా పట్టుకోవడం ఎలా

ఫ్లోచార్ట్, అంటే చెయ్యాల్సిన పనుల్ని డబ్బాల్లో రాసి బాణాలతో కలిపిన బొమ్మ ఇచ్చి "చివర్లో ప్రింట్ అయ్యే విలువ ఎంత?" అని అడగ్గానే చాలామంది ఏం చేస్తారంటే, పెన్ను పక్కన పడేసి బొమ్మ వైపు గుడ్లప్పగించి చూస్తారు. మనసులోనే రెండు రౌండ్లు తిప్పుతారు, మూడో రౌండ్‌కి వచ్చేసరికి ఎస్ అనే వేరియబుల్ (విలువ పెట్టుకునే పేరు) ఎంతో మర్చిపోతారు, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడతారు, ఈలోపు పైన టైమర్ కనబడి టెన్షన్, ఇక ఆప్షన్లలో దేనికి మనసు లాగితే దాన్ని నొక్కేస్తారు. వచ్చిన లెక్కే చేతులారా పోతుంది. భీమవరం, అమలాపురం, రాజమండ్రి చుట్టుపక్కల కాలేజీల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్లకి ప్రిపేరయ్యే పిల్లలు అడిగే అనుమానాల్లో ఇది ఎప్పుడూ ఉంటుంది.

నిజానికి ఈ ప్రశ్నలకి ప్రోగ్రామింగ్ పెద్దగా రానక్కర్లేదు. కూడిక, తీసివేత, హెచ్చవేత, భాగహారం, ఇది దానికంటే పెద్దదా చిన్నదా, అంతే. మార్కులు పోయేది లెక్క దగ్గర కాదు. విలువల్ని బుర్రలో మోయడం దగ్గర కొన్ని పోతాయి, బొమ్మ ఏం చేస్తుందో మనకి ముందే తెలిసిపోయిందని అనుకోవడం దగ్గర అంతకంటే ఎక్కువ పోతాయి. అందుకని ముందే చెప్పేస్తున్నాను: బొమ్మని అర్థం చేసుకునే ప్రయత్నం కాసేపు మానేయండి, బాణం ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళండి, మారిన ప్రతి విలువనీ కాగితం మీద పెట్టండి. ఎంటెక్ ప్రవేశాలకి రాసే గేట్ పరీక్ష కంప్యూటర్ సైన్స్ పేపర్లో అయితే బొమ్మ బదులు ఎక్కువగా సి అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామ్ ఇస్తారు, ప్లేస్‌మెంట్ టెస్టుల్లో చాలాచోట్ల సూడోకోడ్, అంటే మామూలు మాటల్లో రాసిన ప్రోగ్రామ్ మెట్లు, ఇస్తారు, కానీ చెయ్యాల్సిన పని అక్కడా ఇదే.

ఆకారాలు, బాణాలు

దీని మీద ఎక్కువసేపు వద్దు. గుడ్డు ఆకారం మొదలు లేదా ముగింపు. పక్కకి వాలిన డబ్బా అంటే విలువ తీసుకోవడమో ప్రింట్ చేయడమో. నిటారుగా ఉన్న దీర్ఘచతురస్రం అంటే లెక్క. డైమండ్ అంటే ప్రశ్న, దాంట్లోంచి అవును, కాదు అని రెండు దారులు. చిన్న సున్నాలో ఒక అక్షరం ఉంటే, అదే అక్షరం ఉన్న ఇంకో సున్నా దగ్గరికి దూకమని అర్థం.

డైమండ్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. "అవును" ఎప్పుడూ కిందకే ఉంటుందని రూలేం లేదు. ఒకే బొమ్మలో మొదటి డైమండ్‌కి అవును కిందకీ, రెండోదానికి అవును పక్కకీ పెట్టేవాళ్ళు ఉన్నారు, కావాలనే పెడతారు. దారి పట్టే ముందు దాని మీద రాసింది ప్రతిసారీ చదవాలి, అలవాటు మీద కిందకి జారిపోకూడదు.

ఇంకొకటి, ఎస్ = ఎస్ + కె లాంటి వరస. బీజగణితం బాగా వచ్చినవాళ్ళకే ఇది ముందు మింగుడుపడదు, రెండు వైపులా ఎస్ కొట్టేస్తే కె సున్నా కదా అంటారు. ఇది సమీకరణం కాదు, ఆజ్ఞ. కుడివైపు ఉన్నదాన్ని పాత విలువలతో లెక్కకట్టు, వచ్చిందాన్ని ఎడమవైపు పేరులో పెట్టు, పాతది పోయింది. కొన్ని పేపర్లలో సమానం గుర్తు బదులు ఎడమవైపు బాణం వేస్తారు, అది ఇంకా నయం. అదే గుర్తు డైమండ్ లోపల ఉంటే మాత్రం అక్కడ ఏ విలువా మారదు, రెండూ సమానమా అని అడుగుతున్నారంతే.

పట్టిక వేయడం

రఫ్ షీట్ మీద ముందు డబ్బాలకి నంబర్లు వేసుకోండి. ఆన్‌లైన్ పరీక్షలో బొమ్మ మీద రాయలేం కాబట్టి రఫ్ షీట్‌లో 1, 2, 3 అని వేసి పక్కన డబ్బాలో ఉన్నది పొట్టిగా దించుకోవాలి. దించుకోవడానికి పట్టే టైమ్ దండగ అనిపిస్తుంది. కాదు, అలా దించుకునేటప్పుడే బొమ్మని మొదటిసారి నిజంగా చదువుతాం.

తర్వాత ప్రతి వేరియబుల్‌కీ ఒక కాలమ్. కాలమ్‌ల వరస ముఖ్యం. లూప్ (బాణం వెనక్కి వచ్చి మళ్ళీ మళ్ళీ నడిచే భాగం) లోపల ఏ వేరియబుల్ ముందు మారుతుందో దాని కాలమ్ ముందు పెడితే, ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోవచ్చు, చెయ్యి వెనక్కీ ముందుకీ తిరగదు. డైమండ్‌కి కూడా ఒక కాలమ్ ఇవ్వండి, అందులో అవును, కాదు అని రాయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, కానీ ఎన్నిసార్లు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆదుకునేది ఆ కాలమే.

విలువ మారినప్పుడు పాతదాన్ని చెరిపేసి పైన దిద్దకండి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో పాత పద్దు చెరపరు కదా, కింద కొత్త పద్దు రాస్తారు, ఇదీ అంతే. ఎక్కడో తేడా కొడితే ఏ వరుస దాకా బాగుందో చూసుకుని అక్కడ్నుంచే మళ్ళీ నడపొచ్చు.

ఒక లెక్క చేద్దాం. అమలాపురం పిన్‌కోడ్ 533201, దాన్నే ఎన్‌గా ఇస్తున్నాం.

1. ఎన్ విలువ తీసుకో
2. ఎస్ = 0
3. ఎన్ > 0 అవునా? కాదు అయితే 7కి పో
4. ఆర్ = ఎన్ మాడ్ 10
5. ఎస్ = ఎస్ + ఆర్
6. ఎన్ = ఎన్ డివ్ 10, తర్వాత 3కి పో
7. ఎస్ ప్రింట్ చెయ్

మాడ్ అంటే భాగిస్తే మిగిలే శేషం, డివ్ అంటే భాగఫలంలో పూర్ణాంకం మాత్రమే. 10తో అయితే మాడ్ చివరి అంకెని ఇస్తుంది, డివ్ ఆ చివరి అంకెని కోసేస్తుంది.

| ఎన్ > 0? | ఆర్ | ఎస్ | ఎన్ |
|---|---|---|---|
| | | 0 | 533201 |
| అవును | 1 | 1 | 53320 |
| అవును | 0 | 1 | 5332 |
| అవును | 2 | 3 | 533 |
| అవును | 3 | 6 | 53 |
| అవును | 3 | 9 | 5 |
| అవును | 5 | 14 | 0 |
| కాదు | | | |

ప్రింట్ అయ్యేది 14. అంకెల మొత్తం అని మొదట్లోనే తెలిసిపోయినవాళ్ళు 5+3+3+2+0+1 అని కూడేసి వెళ్ళిపోతారు, ఈ ఒక్క ప్రశ్నకి అది చాలు. కానీ ఇదే బొమ్మ మీద పేపర్ సెట్ చేసేవాడు ఇంకేం అడగొచ్చో చూడండి. మూడో డబ్బా ఎన్నిసార్లు నడిచింది? 7. అయిదో డబ్బా? 6. లూప్ ఆపడానికి "కాదు" అన్న ఆఖరి సమాధానం కూడా ఒక ప్రశ్న అడిగినట్టే లెక్క, అందుకని ఇలా ముందే ప్రశ్న అడిగే లూప్‌లో డైమండ్ లెక్క ఎప్పుడూ ఒకటి ఎక్కువ ఉంటుంది. చివర్లో ఎన్ ఎంత? 0, మనం ఇచ్చిన 533201 ఎప్పుడో పోయింది. చివర్లో ఆర్ ఎంత? 5, ఎందుకంటే లూప్ నుంచి బయటికి వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఆఖరిసారి పెట్టిందే ఉంటుంది. ఎస్ మారని రెండో వరుస చూశారా, ఆర్ 0 వచ్చిన చోట? మొత్తం మారలేదు కదా అని ఆ వరుస రాయకుండా దాటేస్తే ఎన్నిసార్లు అన్న లెక్క ఒకటి తగ్గిపోతుంది. విలువ మారకపోయినా వరుస రాయాల్సిందే.

అయిదో డబ్బాని ఎస్ = ఎస్ × 10 + ఆర్ అని మార్చండి. ఇప్పుడు ఎస్ కాలమ్ 1, 10, 102, 1023, 10233, 102335. అంకెలు తిరగబడ్డాయి. సరే, ఇదే బొమ్మకి 1200 ఇస్తే? 0021 అని ఆప్షన్ ఉంటుంది, 21 అనీ ఉంటుంది. పట్టిక వేస్తే 0, 0, 2, 21. ముందు వచ్చిన సున్నాలు సంఖ్యలో నిలవవు, 21 సరైనది.

తెలిసిన విషయమే ముంచుతుంది

మన ప్రాంతం పిల్లలకి నేను తప్పకుండా ఇచ్చే బొమ్మ ఒకటుంది. ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదల సీజన్లో లంక గ్రామాల్లో ఎవర్ని అడిగినా నోటికి చెప్పే అంకెలు. బొమ్మ ఇలా ఉంటుంది:

1. హెచ్ విలువ తీసుకో
2. హెచ్ ≥ 11.75 అవునా? అవును అయితే "మొదటి హెచ్చరిక" ప్రింట్ చేసి ముగించు
3. హెచ్ ≥ 13.75 అవునా? అవును అయితే "రెండో హెచ్చరిక" ప్రింట్ చేసి ముగించు
4. హెచ్ ≥ 17.75 అవునా? అవును అయితే "మూడో హెచ్చరిక" ప్రింట్ చేసి ముగించు
5. "హెచ్చరిక లేదు" ప్రింట్ చేసి ముగించు

హెచ్ 15 ఇచ్చాను, ఏం ప్రింట్ అవుతుంది అన్నాను. ముమ్మిడివరం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకామె క్షణం ఆలోచించకుండా "రెండో హెచ్చరికండీ" అంది. ఎలాగమ్మా అంటే, "పదిహేను అడుగులంటే రెండోది ఎగరేసినట్టే కదండీ మాష్టారూ, మా ఊళ్ళో అప్పటికే కాజ్‌వే మీదకి నీళ్ళొచ్చేస్తాయండీ." "అది ధవళేశ్వరంలో తల్లీ, ఈ బొమ్మలో కాదు. రెండో డబ్బాలో ఏం రాసుందో చదువు." చదివింది. 15 అనేది 11.75 కంటే ఎక్కువేనా? అవును. అయితే ఏం చెయ్యమంది? "మొదటి హెచ్చరిక ప్రింట్ చేసి ముగించమందండీ... ఆయ్, మరి ఇది తప్పు బొమ్మ కదండీ?"

తప్పు బొమ్మే. గోదావరి సంగతి ఆ అమ్మాయికి బొమ్మ గీసినవాడికంటే బాగా తెలుసు. కానీ పరీక్షలో అడిగింది గోదావరి గురించి కాదు, ఈ బాణాల గురించి. ప్రింట్ అయ్యేది "మొదటి హెచ్చరిక". ఈ బొమ్మలో 3వ, 4వ డబ్బాలకి ఎప్పుడూ అవును అన్న జవాబు రాదు, ఎందుకంటే 13.75 దాటిన నీరు 11.75 దగ్గరే దొరికిపోయి బయటికి వెళ్ళిపోతుంది. "కింది వాటిలో ఎప్పటికీ ప్రింట్ కానిది ఏది" అని అడిగే ప్రశ్నలు ఇలాంటి బొమ్మల మీదే వస్తాయి. 17.75ని ముందు అడిగి, తర్వాత 13.75, ఆఖరున 11.75 అడిగితే బొమ్మ సరిగ్గా పనిచేస్తుంది.

దీన్నే ఇంకో రకంగా తిప్పుతారు. ప్రింట్ చేశాక బాణం ముగింపుకి పోకుండా తర్వాతి డైమండ్‌కి వెళ్ళేలా గీస్తారు. అప్పుడు 15కి "మొదటి హెచ్చరిక", "రెండో హెచ్చరిక" రెండూ ప్రింట్ అవుతాయి, 17.75 దగ్గర కాదు అని వచ్చి, పనిలో పనిగా "హెచ్చరిక లేదు" కూడా ప్రింట్ అవుతుంది, ఎందుకంటే అయిదో డబ్బాకి దారి తెరిచే ఉంది. చూడ్డానికి నవ్వొస్తుంది, జవాబు మాత్రం అదే. అంచు విలువల సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. వరస సరిగ్గా ఉన్న బొమ్మలో ≥ బదులు > పెట్టి, హెచ్ 13.75 ఇస్తే వచ్చేది మొదటి హెచ్చరికే. 11.75 ఇస్తే ఏ హెచ్చరికా లేదు. ప్రశ్నలో ఇచ్చిన విలువ డైమండ్‌లో ఉన్న అంకెతో సరిగ్గా సమానంగా కనబడిందంటే అది యాదృచ్ఛికం కాదు, గుర్తు కింద గీత ఉందో లేదో చూడమని.

డబ్బాల వరస మారితే

కె = 1, ఎస్ = 0 తో మొదలు. లూప్‌లో ముందు ఎస్ = ఎస్ + కె, తర్వాత కె = కె + 2, తర్వాత కె > 10 అవునా అని ప్రశ్న. కాదు అయితే వెనక్కి, అవును అయితే ఎస్ ప్రింట్.

ఎస్ 1, కె 3. ఎస్ 4, కె 5. ఎస్ 9, కె 7. ఎస్ 16, కె 9. ఎస్ 25, కె 11. ఇప్పుడు అవును. జవాబు 25.

రెండు డబ్బాలూ తారుమారు చేయండి, ముందు కె = కె + 2, తర్వాత ఎస్ = ఎస్ + కె. కె 3, ఎస్ 3. కె 5, ఎస్ 8. కె 7, ఎస్ 15. కె 9, ఎస్ 24. కె 11, ఎస్ 35. జవాబు 35. చూపుకి రెండు బొమ్మలూ ఒకేలా ఉంటాయి. ఆప్షన్లలో 16, 24, 25, 35 నాలుగూ ఉంటాయి, ఒక రౌండ్ ముందే ఆగిపోయినవాడి కోసం 16, 24 పెడతారు. అందుకే మీకొచ్చిన జవాబు ఆప్షన్లలో కనబడిందని గుండె మీద చెయ్యేసుకుని ముందుకెళ్ళిపోకండి. తప్పు చేస్తే ఏం వస్తుందో లెక్కకట్టి మరీ ఆ ఆప్షన్లు రాస్తారు.

పైన మొదటి బొమ్మలో ప్రశ్న లూప్ చివర్లో ఉంది. కాబట్టి కె మొదటి విలువ 12 ఇచ్చినా లూప్ ఒక్కసారి నడిచి ఎస్ 12 అవుతుంది, ఆ తర్వాతే ఆగుతుంది. అదే కె > 10 అన్న ప్రశ్నని లూప్ మొదట్లో పెడితే లోపలికే వెళ్ళదు, ఎస్ 0. లూప్ ఒక్కసారైనా నడుస్తుందా లేదా అన్నది డైమండ్ ఎక్కడ ఉందో చూస్తే తేలిపోతుంది. ప్రింట్ డబ్బా లూప్ లోపల ఉందా బయట ఉందా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి. లోపల ఉంటే జవాబు ఒక్క సంఖ్య కాదు, వరస.

లూప్‌లో లూప్: బాణం ఎక్కడ దిగింది

ఇక్కడే ఎక్కువ మంది జారేది, కాబట్టి నెమ్మదిగా.

సి = 0, ఐ = 1. తర్వాత జె = 1. లోపలి లూప్: జె ≤ ఐ అవునా? అవును అయితే సి = సి + 1, జె = జె + 1, మళ్ళీ అదే ప్రశ్నకి. కాదు అయితే ఐ = ఐ + 1. ఐ ≤ 4 అవునా? అవును అయితే పైకి, కాదు అయితే సి ప్రింట్.

పైకి అంటే ఎక్కడికి? అసలు ప్రశ్న అదే. బాణం జె = 1 డబ్బా పైన దిగితే ప్రతి ఐకీ జె మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది, ఐ 1 అయినప్పుడు సి ఒకటి పెరుగుతుంది, 2కి రెండు, 3కి మూడు, 4కి నాలుగు, మొత్తం 10. బాణం జె = 1 డబ్బా దాటి దాని కింద దిగితే జె పాత విలువతోనే కొనసాగుతుంది. ఐ 1, జె 1: సి 1, జె 2 అయి ఆగింది. ఐ 2, జె 2: సి 2, జె 3. ఐ 3: సి 3, జె 4. ఐ 4: సి 4, జె 5. జవాబు 4. బాణం మొన అర అంగుళం కిందకి దిగినందుకు 10 కాస్తా 4 అయింది.

లూప్‌లో లూప్ వచ్చినప్పుడు పట్టికలో ఐ మారిన ప్రతిచోటా అడ్డంగా ఒక గీత కొట్టండి. గీతల మధ్య లోపలి లూప్ వరుసలు ఉంటాయి. గీత కొట్టిన వెంటనే "జె మళ్ళీ మొదలైందా లేదా" అని బొమ్మ చూసి రాయండి. ఊహించి రాయకండి, బొమ్మ చూడండి.

చిన్నచిన్న ఉచ్చులు

ఎ = 7, బి = 12. ఎ = బి, తర్వాత బి = ఎ. రెండూ తారుమారయ్యాయి అనుకుంటే దెబ్బతిన్నట్టే, రెండూ 12. అదే ఎ = ఎ + బి, బి = ఎ − బి, ఎ = ఎ − బి అని మూడు డబ్బాలుంటే 19, 7, 12, అంటే నిజంగానే తారుమారయ్యాయి. టెంప్ అని మూడో పేరులో ఒక విలువని ముందు దాచుకుని తారుమారు చేసేది అందరికీ తెలిసిందే.

భాగహారం దగ్గర పూర్ణాంకం అని చెప్పారా లేదా చూడండి. సి ప్రోగ్రామ్‌లో రెండూ పూర్ణాంకాలైతే 7/2 అంటే 3. ఫ్లోచార్ట్‌లో ఇంట్ అనో డివ్ అనో లేకపోతే 7/2 అంటే 3.5, దాన్ని మీరే 3 చేసేయకండి.

గుణించుకుంటూ పోయే లూప్‌లో మొదటి విలువ 0 ఇచ్చారంటే ఎన్ని రౌండ్లు తిరిగినా 0, ఇంక పట్టిక వేయక్కర్లేదు, జవాబు రాసి ముందుకి పోండి.

పెద్దది, చిన్నది కనుక్కునే బొమ్మల్లో మొదటి విలువ ఏం పెట్టారో చూడాలి. పెద్దదాని కోసం ఎమ్ = 0 తో మొదలుపెట్టి −4, −9, −2 ఇస్తే ఏదీ 0ని దాటదు, ప్రింట్ అయ్యేది 0. ఇచ్చిన సంఖ్యల్లో 0 లేదు కదా అని −2 నొక్కేవాళ్ళు చాలామంది. చిన్నదాని కోసం ఎమ్‌లో మొదటి సంఖ్యనే పెట్టి, మారిన ప్రతిసారీ టి = టి + 1 చేస్తే ఎలా ఉంటుందో రొయ్యల కౌంట్లతో చూద్దాం, అంటే కేజీకి ఎన్ని తూగుతాయన్న లెక్క: 60, 45, 80, 30, 100. ఎమ్ 60, టి 0. 45 చిన్నది, ఎమ్ 45, టి 1. 80 కాదు. 30 చిన్నది, ఎమ్ 30, టి 2. 100 కాదు. ఎమ్ 30, టి 2, పోల్చిన సార్లు 4. చెరువులున్న ఇంటి పిల్లలకి 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య అని తెలుసు, ప్రశ్న "చిన్నది" అనగానే 100 దగ్గర చెయ్యి ఆగుతుంది. అడిగింది సంఖ్యని, రొయ్యని కాదు.

రౌండ్లు వందల్లో ఉంటే

బొమ్మని అర్థం చేసుకోవద్దని మొదట్లో అన్నాను. ఇక్కడ మాత్రం చేసుకోవాలి, కానీ మూడు నాలుగు వరుసలు నడిపిన తర్వాత. ఇందాకటి మొదటి బొమ్మలోనే కె > 10 బదులు కె > 99 పెట్టారనుకోండి. ఎస్ కాలమ్‌లో 1, 4, 9, 16 కనబడగానే వర్గాలని తెలిసిపోతుంది, ఎన్ని బేసి సంఖ్యలు కూడామో దాని వర్గం. ఇక తేలాల్సింది ఆఖరుగా కూడింది ఏది అన్నదే, దాన్ని ఊహించకూడదు, చివరి రెండు వరుసలు చేత్తో నడపాలి. 97 కూడాక కె 99. 99 > 99 అవునా? కాదు. అయితే 99 కూడా కూడాలి, కె 101 అయ్యాక ఆగుతుంది. 1 నుంచి 99 దాకా బేసి సంఖ్యలు 50, ఎస్ 2500. గుర్తు ≥ అయితే 97 దగ్గరే ఆగిపోతుంది, 49 సంఖ్యలు, 2401. మధ్యలో వరుసలు ఎగరేయొచ్చు, మొదటి మూడూ చివరి రెండూ ఎగరేయకూడదు.

రెట్టింపయ్యేవి కూడా అంతే. ఎక్స్ = 1, సి = 0 తో మొదలై, ఎక్స్ = 2 × ఎక్స్, సి = సి + 1, ఎక్స్ > 1000 అయితే ఆపు. 512 దగ్గర కాదు, 1024 దగ్గర అవును, సి 10.

యూక్లిడ్ పద్ధతిలో గసాభా కనుక్కునే బొమ్మ చాలా పేపర్లలో తిరుగుతూ ఉంటుంది. ఎ, బి సమానమా? అవును అయితే ఎ ప్రింట్. కాదంటే పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్, మళ్ళీ అడుగు. 48, 18 ఇస్తే 30, 18. తర్వాత 12, 18. తర్వాత 12, 6. తర్వాత 6, 6. జవాబు 6, తీసివేతలు 4. పెద్ద సంఖ్యలు, ఉదాహరణకి 1071, 462 ఇచ్చి గసాభా అడిగితే మామూలుగా భాగించి 21 అని రాసేయొచ్చు. తీసివేతలు ఎన్ని అంటే మాత్రం జాగ్రత్త. 1071లోంచి 462 రెండుసార్లు తీస్తే 147. 462లోంచి 147 మూడుసార్లు తీస్తే 21. 147లో 21 ఏడుసార్లు పోతుంది, కానీ బొమ్మ ఆరుసార్లే తీస్తుంది, ఎందుకంటే ఆరోసారికే రెండూ 21 అయి సమానమైపోయాయి. మొత్తం 11, 12 కాదు.

పరీక్ష హాల్లో

పట్టిక సగంలో ఉండగా ఆప్షన్ల మీద ఒక చూపు వేయడం తప్పేం కాదు. ఎస్ 0తో మొదలై ప్రతిసారీ సరి సంఖ్యే కలుస్తుంటే చివరిదాకా సరి సంఖ్యగానే ఉంటుంది, బేసి ఆప్షన్లు కొట్టేయొచ్చు. ప్రతిసారీ 5 గుణిజాలు కలుస్తుంటే చివరి అంకె 0 లేదా 5. రెండు ఆప్షన్లు పోయాక ఇంకో రెండు మూడు వరుసలకే ఏదో తేలిపోతుంది.

గేట్‌లో ఒక మార్కు మల్టిపుల్ చాయిస్ ప్రశ్న తప్పయితే మూడో వంతు, రెండు మార్కులదైతే మూడింట రెండు వంతులు పోతాయి, అందుకని సగం పట్టికతో ఊహించి కొట్టడం అక్కడ గిట్టుబాటు కాదు. సంఖ్య టైప్ చేయాల్సిన ప్రశ్నలకి నెగెటివ్ లేదు, కానీ సరిచూసుకోడానికి ఆప్షన్లూ లేవు. అలాంటి చోట జవాబు వచ్చాక ఒక్క పని చేయండి: పట్టికలో చివరి వరుస నుంచి వెనక్కి రెండు వరుసలు సరిచూడండి, డైమండ్ అప్పటిదాకా నిజంగా ఆగకూడదా అని. మొత్తం మళ్ళీ నడపడానికి టైమ్ ఉండదు, తప్పులు ఎక్కువగా ఉండేది ఆ చివర్లోనే.

ఇంట్లో సాధనకి కాగితం, పెన్ను తప్ప ఏమీ అక్కర్లేదు. ఈ బొమ్మ ఒకటి పట్టుకోండి: ఎన్ తీసుకో, సి = 0. ఎన్ = 1 అవునా? అవును అయితే సి ప్రింట్. కాదంటే, ఎన్ సరి సంఖ్య అయితే ఎన్ = ఎన్/2, బేసి అయితే ఎన్ = 3 × ఎన్ + 1, తర్వాత సి = సి + 1, మళ్ళీ మొదటి ప్రశ్నకి. 6తో మొదలుపెడితే 3, 10, 5, 16, 8, 4, 2, 1, అంటే సి 8. ఇప్పుడు 7తో మీరు చేయండి, మధ్యలో 52 దాకా ఎక్కి దిగుతుంది, జవాబు 16 రావాలి. 17 వచ్చిందంటే మొదట ఇచ్చిన 7ని కూడా ఒక వరుసగా లెక్కపెట్టారు. 15 వస్తే ఎక్కడో ఒక వరుస ఎగిరిపోయింది. బేసి దారిలో 5 సార్లు, సరి దారిలో 11 సార్లు వెళ్ళాలి, ఏ లెక్క తగ్గిందో చూస్తే ఎక్కడ పోయిందో దొరుకుతుంది.